చుక్కలు మేపినవాడు

"రెండు నిమిషాల పది సెకన్లు," అంది డాక్టరమ్మ. "అంతకన్నా ఒక్క సెకను ఎక్కువ పట్టలేదు సార్. పదకొండూ నాలుగుకి ఆమె మెసేజ్ వచ్చింది. పదకొండూ ఆరుకి జవాబు రాసేశాను, ఎరుపు గుర్తు పెట్టాను, పంపేశాను."

ఇన్‌స్పెక్టరు ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడమే ఆయన పనితనం. డిపార్టుమెంటులో అందరూ ఆయన్ని మౌని అంటారు. పల్లెలో పుట్టి, పల్లె బడిలో చదివి, పదిహేనో ఏడు దాకా గొడ్లు కాసిన మనిషి. ఒక్క ప్రశ్న అడుగుతాడు, ఊరుకుంటాడు. ఎదుటివాడికి ఆ ఖాళీ నెత్తిన ఎండలాగా ఉంటుంది. తట్టుకోలేక ఏదో ఒకటి అంటాడు. అన్నదాన్ని సర్దుకోవడానికి ఇంకోటి అంటాడు. గట్టుకి ఆపాటి గండి పడితే మౌని పార పక్కన పెట్టి చూస్తూ కూర్చుంటాడు.

డాక్టరమ్మ కూడా సర్దుకుంది. "మీరూ నమ్మరు. తెలుసు నాకు. ఆ ఇంకో ఆఫీసరుగారు పొద్దుట్నుంచీ ఒకటే మాట. ముప్పై ఏడు నిమిషాలు ఏం చేశావ్, ముప్పై ఏడు నిమిషాలు ఏం చేశావ్."

ఆ ముప్పై ఏడు నిమిషాలే కేసు. ఫోనులో రోగం రాసి పంపితే ఫోనులోనే డాక్టరు జవాబిచ్చే కంపెనీ ఇది; వాళ్ళు కూర్చున్నదీ ఆ ఆఫీసులోనే ఒక గదిలో. మొన్న పొద్దున ఒక టైలరమ్మ తన కొట్లో ఒంటరిగా కూర్చుని కొత్త మాత్ర వేసుకుంది. పెదాలు వాచాయి. ఈ కంపెనీకి రాసింది. 'వెంటనే ఆంబులెన్సు పిలవండి, పక్కవాళ్ళను కేకేయండి, ఒక్క క్షణం కూడా ఆగొద్దు' అన్న జవాబు ఆమె ఫోనుకి చేరింది పదకొండూ నలభై మూడుకి. ఆమె పోయింది అంతకు ఏడెనిమిది నిమిషాల ముందు. కుట్టిన బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన మనిషి చూసేసరికి కుట్టుమిషను మీద తల ఆనించి ఉంది. ఫోను మాత్రం చేతిలోనే ఉంది.

"పంపాక ఏం చేశారు?" అన్నాడు మౌని.

"లేచాను. పాలు పిండుకునే గదికెళ్ళాను. నాకు ఐదు నెలల పాప సార్. పదకొండుకల్లా లేవకపోతే ఇక్కడ," అని గుండెల దగ్గర చెయ్యి పెట్టుకోబోయి మానుకుంది, "జ్వరం వచ్చేస్తుంది. తిరిగొచ్చి ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నాను. ఇక్కడ అంతే. ఎవరి సీటు అని ఉండదు."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు ఒళ్ళోని ఫోను మీదికే పోతోంది.

"ఎవరు?"

"మా ఆయన. పొద్దున తోడొచ్చి నన్నిక్కడ దింపి వెళ్ళాడు." తెర మౌని వైపు తిప్పింది. "పదిన్నరకి పెట్టాను. 'నువ్వన్నా నన్ను నమ్ముతున్నావా' అని. అప్పట్నుంచీ రాస్తూనే ఉన్నాడు."

మౌని చూశాడు. ఆమె ప్రశ్న కింద మూడు చుక్కలు. అవతలి మనిషి జవాబు రాస్తుంటే కదిలే చుక్కలు. కదిలి ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

"రెండున్నర గంటలుగానా?"

"రాస్తాడు, ఆపేస్తాడు. మళ్ళీ రాస్తాడు. ఫోన్ చేస్తే ఎత్తడు." ఆమె నవ్వడానికి చూసింది. "ఒక్క 'ఊఁ' రాయడానికి ఎంతసేపు పడుతుంది సార్? అదీ రాయలేకపోతున్నాడంటే ఏమనుకోవాలి?"

మౌని అవసరానికి మించి ఇంకొంచెంసేపు ఆ తెర చూశాడు. చుక్కలు ఆగిపోయాయి. మరో నిమిషానికి తలుపు తోసుకుని సైబరు విభాగం ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు.

ఇతన్ని అందరూ మెరుపు అంటారు. ముప్పై రెండేళ్ళు. పైవాళ్ళు మెసేజ్ పెట్టి ఫోను జేబులో వేసుకునేలోపు ఇతని జవాబు వెళ్ళిపోతుంది. అలా రెండు ప్రమోషన్లు కొట్టాడని కిట్టనివాళ్ళు అంటారు.

"ఏం పెద్దాయనా, ధ్యానం అయిందా?"

"ఇంకా లేదు తమ్ముడూ."

"కానివ్వండి, కానివ్వండి. నాలుగింటికి పత్రికలవాళ్ళు వస్తున్నారు. ఈలోపు మోక్షం దొరికితే చెప్పండి." చేతిలోని కాగితం బల్ల మీద పడేశాడు. "పదకొండూ ఆరు నుంచి నలభై మూడు దాకా చుక్కలు. ఈమె లాగిన్. పద్నాలుగో సీటు, ఈమె కూర్చున్నదే. జవాబు వెళ్ళింది కూడా ఈమె లాగిన్ నుంచే. అవతల మనిషి ప్రాణం పోతుంటే ఈ మహాతల్లి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. ఇందులో ధ్యానం చేయడానికేముంది?"

"నేను లేచి వెళ్ళిపోయాను!" అంది డాక్టరమ్మ.

"చుక్కలు మీ ఆత్మ కదిలించిందా అమ్మా?"

మెరుపు మౌని వైపు తిరిగాడు. "ఒప్పుకుంటే నిర్లక్ష్యం. ఒప్పుకోకపోతే హత్య కింద రాస్తా. డాక్టరు లైసెన్సు ఎటూ పోతుంది. పాపతో ఇంట్లో ఉండాలా, లోపల ఉండాలా అన్నది ఆమే తేల్చుకోవాలి."

టైము పన్నెండూ యాభై ఎనిమిది. మౌని లేచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఫ్లోరు మీదికి నడిచాడు.

*

ఫ్లోరు అంటే ఒకే పొడుగాటి హాలు. నలభై సీట్లు. ఎవరూ మాట్లాడరు. మీటల చప్పుడొక్కటే, రేకుల మీద చినుకుల్లా. పద్నాలుగో సీటు గోడవారన ఉంది. మౌని కుర్చీ కదిపి చూశాడు. ఎత్తు పెంచి ఉంది. డాక్టరమ్మ పొట్టి మనిషి. ఆమె కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు.

"ఈ సీటు మొన్నటి నుంచి ఎవరూ ముట్టుకోలేదా?"

"లేదు సార్. సైబరు సారు తాడు కట్టించారు," అన్నాడు ఫ్లోర్ మేనేజరు. మెడలో కార్డు, మొహంలో చిరునవ్వు, రెండూ కంపెనీవే.

"ఆమె లేచాక ఇందులో ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ కూర్చోరు సార్."

మౌని ఊరుకున్నాడు. మేనేజరు కార్డు సరిచేసుకున్నాడు. చూపు సీటు మీదికి, సీటు మీంచి నేల మీదికి. గోడ గడియారంలో పెద్దముల్లు ఒక గీత దాటింది.

"అంటే... మేపేవాళ్ళు కూర్చుంటారనుకోండి."

"ఏం మేపుతారు?"

"చుక్కలు సార్."

గొడ్లను మేపడం మౌనికి తెలుసు. మాటలతో మేపేవాళ్ళనూ చూశాడు. ఇది కొత్త.

మేనేజరుకి ఒకసారి నోరు తెరిచాక మూసుకోవడం చేతకాలేదు. "డాక్టరు లేచినప్పుడు చుక్కలు ఆగిపోతాయి కదా సార్. ఆగితే కస్టమరు నాలుగు నిమిషాల్లో పోతాడు. కదులుతుంటే మాత్రం కదలడు. పావుగంట, ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. అవతల తన కోసం ఎవరో కష్టపడి రాస్తున్నారు, మధ్యలో లేస్తే బావుండదు అనుకుంటాడు. మేం పరీక్ష పెట్టి మరీ చూశాం." ఆ చివరి మాట కాస్త గర్వంగానే అన్నాడు. "అందుకని ఖాళీ సీట్లో ఒకరిని కూర్చోబెడతాం. ఇరవై సెకన్లకొకసారి ఏదో ఒక మీట నొక్కి చెరిపితే చాలు. ఏడుగురున్నారు."

"డాక్టరు లాగిన్‌లోనే?"

"లాగౌట్ అయితే మళ్ళీ రావడానికి నిమిషన్నర పడుతుంది సార్. ఆ నిమిషన్నర వాళ్ళ ఖాతాలో ఆలస్యం కింద పడుతుంది. ఎవరూ అవ్వరు."

"బావుంది. రాసేసిన జవాబు ఎందుకు ఆగింది?"

మేనేజరు మళ్ళీ నీళ్ళు నమిలాడు. ఈసారి మౌనికి అట్టే ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.

"జవాబు వెంటనే పోకూడదు సార్. వెంటనే చెబితే ఆలోచించకుండా చెప్పారనుకుంటారు. మరీ లేటైతే పట్టించుకోలేదనుకుంటారు. మూడు నిమిషాలు ఆపితే సరిగ్గా ఉంటుంది. పెద్ద డాక్టరు ఆలోచించి రాసినట్టు. ఎరుపు పెట్టినవి మాత్రం ఆగవు, అప్పుడే పోతాయి."

"ఆమె ఎరుపు పెట్టింది."

"మూడోది సార్ అది. ఒక షిఫ్టులో రెండు ఎరుపులు దాటితే, ఒక నిమిషం తర్వాత చిన్న పెట్టె వస్తుంది. 'నిజంగా ఎరుపేనా' అని. అవును అని నొక్కితేనే పోతుంది. డాక్టర్లు ఊరికే కస్టమర్లను భయపెడుతున్నారని నాలుగు రోజుల కిందటే పెట్టారు."

"ఆమెకి చెప్పారా?"

"నోటీసు అంటించాం సార్."

"ఎక్కడ?"

"టీ మిషను దగ్గర."

మౌని ఆ మనిషిని తలనుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు. పెట్టె వచ్చింది పదకొండూ ఏడుకి. అప్పటికి డాక్టరమ్మ కుర్చీలో లేదు. ఆ పెట్టెను చూసినవాడు ఇంకొకడు.

"ఆ సీట్లో నొక్కిన మీటలన్నీ ఎక్కడన్నా ఉంటాయా?"

జవాబు మేనేజరు చెప్పలేదు. మిషన్లు చూసుకునే టెక్నీషియన్, కళ్ళద్దాల ఆవిడ, పక్క బల్ల మీంచి తలెత్తకుండానే అంది. "ఉంటాయి. సైబరు సారు పంపిన మెసేజ్‌లే అడిగారు. చెరిపినవి ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నానమ్మా."

ఒంటిగంటా యాభైకి పదకొండు పేజీలు వచ్చాయి. మౌని పద్నాలుగో సీట్లోనే కూర్చుని చదివాడు. ఒక గీత ఖాళీ, ఒక గీత చెరుపు. ఖాళీ, చెరుపు. పద్దెనిమిది సెకన్లు, ఇరవై సెకన్లు, పంతొమ్మిది సెకన్లు. ఆలోచిస్తూ రాసే మనిషి చెయ్యి ఇలా ఉండదు. ఉరుకుతుంది, తడబడుతుంది, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇది చెట్టు నీడన కూర్చుని, కర్రతో నేల మీద కొడుతూ, మంద చెదరకుండా చూసుకునేవాడి చెయ్యి. చిన్నప్పుడు ఆయన చెయ్యి కూడా అలాగే కొట్టేది.

నాలుగో పేజీలో ఆ చెయ్యి దారి తప్పింది.

మౌని ఆ పేజీ పక్కన టైలరమ్మ ఫోనులోని మెసేజ్‌లు పెట్టుకుని, వేలితో వరస కలుపుకుంటూ చదివాడు.

పదకొండూ పదకొండు. ఆమె రాసింది: 'రాస్తున్నట్టున్నారు. నిదానంగా రాయండి డాక్టరుగారూ.'

పదకొండూ పన్నెండు. పద్నాలుగో సీట్లో ఎవరో ఒక్కొక్క అక్షరం కొట్టి, ఒక్కొక్క అక్షరం చెరిపారు: 'లేటయిందా అమ్మా.'

పదకొండూ పంతొమ్మిది. ఆమె: 'గొంతు బిగుసుకుంటోంది. పక్క కొట్టావిడను పిలవమంటారా? మీరు రాసేది చూసి పిలుస్తాను.'

పదకొండూ ఇరవై. కొట్టి చెరిపినది: 'లేటంటే ఎట్లా ఉంటుందో చూడు.'

పదకొండూ ఇరవై ఏడు. ఆమె: 'ఉన్నారా.'

ముప్పై ఒకటి. ఆమె: 'ఉన్నా.' అంతే. పూర్తి చేయలేదు.

ముప్పై రెండు. కొట్టి చెరిపినది: 'ఇప్పుడెన్ని స్టార్లు ఇస్తావ్.'

ఆ తర్వాత ఆమె వైపునుంచి ఏమీ లేదు. ఈ వైపు మాత్రం ఇంకో పదకొండు నిమిషాలు, ఖాళీ, చెరుపు, ఖాళీ, చెరుపు. నలభై మూడుకి 'అవును.'

టెక్నీషియన్ ఆయన భుజం మీంచి చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

*

మెరుపు రెండింటికి ఫ్లోరు మీదికొచ్చాడు. కాగితాలు నిలబడే చదివాడు. అతను చదవడం కూడా జవాబులంత వేగమే.

"అయితే? ఇదీ ఆమె లాగినే. ఆమే కొట్టి ఆమే చెరిపింది. ఇంకా మంచిది, కసి కూడా దొరికింది."

"పాల గది తలుపు వేలిముద్ర పెడితేనే తెరుచుకుంటుంది తమ్ముడూ. లోపలికి పదకొండూ ఎనిమిది. బయటికి ఇరవై నాలుగు. ఇరవై ఆరుకి తొమ్మిదో సీట్లో ఇదే లాగిన్‌తో ఎవరికో జ్వరానికి మందు రాసింది. ఆమెకి నాలుగు చేతులుంటే నాకు చూపించు, సంతకం పెడతా."

మెరుపు కాగితాలు మడిచాడు. "తలుపు రికార్డు ఎవరిమ్మన్నారు మీకు?"

"అడిగాను. ఇచ్చారు. నువ్వు అడగలేదు."

"నేను పైవాళ్ళకి పన్నెండింటికే చెప్పేశాను, డాక్టరే అని." గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, మాటవరసకి ఇంకొకడున్నాడే అనుకుందాం. వాడేం చేశాడు? ఏమీ చేయలేదు. ఏమీ చేయనివాణ్ణి ఏమని పట్టుకుంటారు? జవాబు ఇవ్వని ప్రతివాణ్ణీ లోపలేస్తే బయట ఎవడూ మిగలడు. డాక్టరుకి పేరుంది, లైసెన్సు ఉంది, బాధ్యత ఉంది. పత్రికలకి అది చాలు."

"నాకు చాలదు."

"మీకు రిటైర్మెంటు దగ్గర పడింది. నాకు పడలేదు." గడియారం చూసుకున్నాడు. రెండూ అయిదు. "నాలుగింటికి. గుర్తుంది కదా?"

వెళ్ళిపోయాడు. మౌని అతని వీపు మూల తిరిగేదాకా చూసి, మేనేజరును పిలిచాడు.

"మేపేవాళ్ళలో స్టార్లతో దెబ్బతిన్నవాడెవడు?"

"స్టార్లంటే... లేటు బాబాయండీ," అన్నాడు మేనేజరు, ఈసారి ఒక్క సెకను కూడా ఆగకుండా. "అందరూ అలాగే పిలుస్తారు. సరదాకి. ఇంతకుముందు ఆయన జవాబులు రాసేవాడు. మందుల గురించి కాదు, పలకరింపులూ ధైర్యం చెప్పడాలూ. ఎనిమిది నెలల కిందట ఒకావిడ ఒక్క స్టారే ఇచ్చింది. 'లేటు' అని కామెంటు. మర్నాడు దించి చుక్కలకి వేశాం. బోర్డు మీద పెడతాం కదా సార్ అలాంటివి, అలా వచ్చిందే ఆ పేరు."

"ఒకావిడ?"

మేనేజరు కంప్యూటరులో చూశాడు. మొహంలోని కంపెనీ నవ్వు అక్కడే జారిపోయింది. "ఈవిడే సార్. టైలరు."

"కామెంటు మొత్తం తీయించు. బోర్డు మీద పెట్టిన ముక్క కాదు. ఆమె రాసింది రాసినట్టు."

*

లేటు బాబాయికి యాభై దాటాయి. ఇస్త్రీ చొక్కా, నున్నగా కత్తిరించుకున్న గోళ్ళు. మౌని అతన్ని పద్నాలుగో సీట్లోనే కూర్చోబెట్టాడు. కుర్చీ ఎత్తు అతనికి సరిగ్గా సరిపోయింది.

"మొన్న పదకొండూ ఆరుకి ఇక్కడ నువ్వేగా కూర్చుంది?" అని ఊరుకున్నాడు.

లేటు బాబాయి కూడా ఊరుకున్నాడు.

రెండు నిమిషాలు. మూడు. చుట్టూ మీటల చప్పుడు. అయిదో నిమిషంలో లేటు బాబాయి మెల్లగా నవ్వాడు. "మీరెంతసేపు ఊరుకున్నా నాకేం కాదు సార్. జనాన్ని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. రోజుకి పది గంటలు అదే చేస్తాను."

ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో మౌనికి ఈ మాట చెప్పినవాడు ఇతనొక్కడే. ఆయన తన పనిముట్టును పక్కన పడేశాడు. జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"చదువుకున్నవాడివి. 'ఒకటో ర్యాంకు' అంటే ఏంటి?"

"అదేం ప్రశ్న సార్?"

"చెప్పు."

"అందరికన్నా పైన. ఫస్టు."

"టైలరమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆమెకీ అంతే తెలుసు." కాగితం అతని ముందు పరిచి, వేలు పెట్టి, చంటిపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు చదివాడు. "'ఈ బాబుగారు లేటైనా సరే, ఓపిగ్గా అన్నీ విడమరిచి చెప్పారు. తొందరపెట్టలేదు. మా ఆయన పోయాక నాతో ఇంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఒకటో ర్యాంకు ఇస్తున్నాను.'"

లేటు బాబాయి ఆ కాగితం వైపు చూడలేదు. తర్వాత చూశాడు. చూసి, మళ్ళీ మొదటి అక్షరం దగ్గరికి వెళ్ళాడు.

"నాకిది చూపించలేదు," అన్నాడు.

"నువ్వు అడగలేదు."

"స్టారూ, లేటు అన్న మాటా... అంతే చూపించారు. బోర్డు మీద అంతే పెట్టారు."

"ఆమె మళ్ళీ రాస్తే గుర్తుపట్టావు."

"పేరు చూడగానే." గొంతు కీచుమంది. "చంపాలని కాదు సార్. ఒట్టు. అయిదు నిమిషాలు. లేటంటే ఏంటో తెలిసొస్తుందని అయిదు నిమిషాలు. ఆవిడ కోపం తెచ్చుకుంటుందనుకున్నా. తిడుతుందనుకున్నా. తిడితే వెంటనే నొక్కేసేవాణ్ణి. 'నిదానంగా రాయండి' అంది. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను."

"గొంతు బిగుసుకుంటోందని రాశాక?"

"అందరూ అలాగే రాస్తారు సార్, తొందరగా చూస్తారని."

"ఆమె ఆపేశాక?"

లేటు బాబాయి గోళ్ళు చూసుకున్నాడు. "అలిగిందనుకున్నా. ఇంకొంచెంసేపు చూసి పంపేశాను." తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు లేవు, వెతుకులాట ఉంది. "నేనేం చేయలేదు సార్. ఒక్క మీట నొక్కలేదు. అంతేగా?"

"నొక్కావు. నూట పద్నాలుగు సార్లు నొక్కావు. లెక్కపెట్టాను."

మౌని ఆ మాటలన్నీ రాయించి సంతకం తీసుకునేసరికి మూడూ ఇరవై అయింది. లేస్తుంటే లేటు బాబాయి ఆ కాగితం తనకిమ్మని అడిగాడు. మౌని ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

గదిలో మెరుపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ కూర్చున్నచోటే కూర్చుంది, ఫోను బల్ల మీద ముందు పెట్టుకుని. పక్కన మూత తీసిన పెన్ను.

"అమ్మా, తేలిపోయింది," అన్నాడు మౌని. జీవితంలో మొదటిసారి ఆయన అడగకుండా మాట్లాడాడు. "దొరికాడు. ఒప్పుకున్నాడు. నీ తప్పు వెంట్రుకవాసంత కూడా లేదు."

ఆమె ఆయన వంక చూసింది. విన్నట్టే ఉంది, ఎక్కలేదు. "నేను సంతకం పెట్టేశాను సార్."

"ఏమని?"

"నిర్లక్ష్యం అని. మా ఆయన కూడా అదే అనుకుంటున్నాడు. లేకపోతే ఈపాటికి రాసేవాడు కదా." ఫోను ఆయన వైపు జరిపింది. "చూడండి, ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. నన్ను తిట్టకుండా ఎలా చెప్పాలో తెలియక."

మౌని చుక్కలు చూశాడు. చేతి గడియారం చూశాడు. చుక్కలు కదిలి ఆగాయి. పంతొమ్మిది సెకన్లు. కదిలాయి. ఆగాయి. ఇరవై సెకన్లు. కదిలాయి.

తల మెల్లగా గోడ వైపు తిప్పాడు. మెరుపు కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"తమ్ముడూ. చెయ్యి బయటికి తియ్."

"ఏంటి?"

"తియ్."

మెరుపు తీయలేదు. తెర మీద చుక్కలు మాత్రం ఆగిపోయాయి. పంతొమ్మిది అయింది, ఇరవై అయింది, ముప్పై అయింది. మళ్ళీ కదల్లేదు. డాక్టరమ్మ తెర చూసింది, ఆ జేబు చూసింది, మళ్ళీ తెర చూసింది.

"ఆయన ఫోను," అంది.

"సాక్ష్యం కింద తీసుకున్నాను," అన్నాడు మెరుపు, తొణక్కుండా. "పొద్దున మీకు తోడొచ్చాడు కదా, వెళ్ళనివ్వలేదు. పక్క గదిలో ఉన్నాడు. ఇందులో తప్పేముంది? మీ కంపెనీ దగ్గరే నేర్చుకున్నా. చుక్కలు కదులుతుంటే మనిషి కదలడట, మేనేజరు చెప్పాడు. నిజమే. ఉదయం నుంచీ లాయరు ఊసు కూడా ఎత్తలేదు మీరు."

"పక్క గదిలోనా?"

"ఈ గోడ అవతలే."

మౌని రెండడుగుల్లో వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు. మెరుపు విడిపించుకునే ప్రయత్నం కూడా చేయలేదు. ఎడమచేత్తో ఫైలులోంచి ఒక కాగితం లాగి బల్ల మీద పెట్టాడు.

"మీ లేటు బాబాయిది ఒక్క సంతకం, పెద్దాయనా. రేపు కోర్టులో కాదంటాడు. నావి రెండు. ఒకటి ఈమెది. ఇంకోటి మొగుడిది."

డాక్టరమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 'నా భార్య కాన్పు తర్వాత పరధ్యానంగా ఉంటోంది. చెప్పింది వినిపించుకోదు. రెండుసార్లు పొయ్యి వెలిగించి మరిచిపోయింది. ఉద్యోగంలో ఇలాంటి పొరపాటు జరిగి ఉండవచ్చు.' కింద సంతకం, ఆమెకు బాగా తెలిసిన సంతకం.

"ఏం చెప్పావు ఆమె భర్తకి?" అన్నాడు మౌని, చొక్కా వదలకుండా.

"ఏమీ చెప్పలేదు. ప్రతి పావుగంటకీ అడిగాడు, నా భార్య ఏమన్నా రాసిందా అని. నేను ఊరుకున్నాను. అంతే." మెరుపు నవ్వాడు. "ఊరుకోవడం మీ దగ్గర నేర్చుకున్నా."

మౌని చెయ్యి దానంతటదే వదులైంది.

డాక్టరమ్మ ఏడవలేదు. కాగితం మీద వేలు పెట్టి అడిగింది. "ఇది ఎన్నింటికి పెట్టాడు?"

"రెండూ పదికి."

"నాది రెండూ నలభై." కాసేపు లెక్క చూసుకుంది. "అరగంట ముందు."

"ఈ కాగితాలు చెల్లవమ్మా," అన్నాడు మౌని. "నేను చెల్లనివ్వను. ఇతను ఆ ఫోనులో నొక్కిన మీటలు కూడా ఎక్కడో ఉంటాయి, అవీ తీయిస్తాను. ముందు ఆ తలుపు తీయిస్తా, పద. ఆయనకి ఏమీ తెలియదు పాపం."

"తెలియకుండానే రాశాడు కదా సార్."

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇక్కడి మాటలు ఏమాత్రం వినపడ్డాయో, ఒక మగగొంతు గోడకి దగ్గరగా వచ్చి పిలిచింది. ఒకసారి. తర్వాత ఇంకొంచెం గట్టిగా.

మౌని తలుపు వైపు నడిచాడు.

"తీయకండి," అంది డాక్టరమ్మ. ఫోను బోర్లించి పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

గొంతు మూడోసారి పిలిచింది. ఆమె వింటోంది. పలకలేదు.